స్టిక్కర్ చెప్పే గాంధారం

వయొలిన్, చెల్లో లాంటి మెట్లు లేని వాయిద్యాలు నేర్చుకునే పిల్లలకి, వేళ్ళు నొక్కే ఆ నల్లపలక మీద రంగురంగుల స్టిక్కర్లు అంటించి "ఎర్రది రిషభం, పచ్చది గాంధారం" అని నేర్పించడం నాకు నచ్చదు. అస్సలు నచ్చదు. ఈ టపా మొత్తం దాని గురించే. కాబట్టి సంగీతం గొడవ పట్టనివాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు, నేనేమీ అనుకోను :)

ఇప్పుడెందుకయ్యా ఈ గోల అంటే, మొన్న సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్తే అక్కావాళ్ళింట్లో ఇదే పంచాయితీ. అక్క కూతురు ఏడో తరగతి. ఏడాదిగా వయొలిన్ నేర్చుకుంటోంది. వాళ్ళ మేష్టారు స్టిక్కర్లు పెట్టనివ్వరు. బావేమో యూట్యూబులో ఎవరెవరి పిల్లల్నో చూసి, "ఆళ్ళు నెల తిరిగేసరికి పాటలు వాయించేస్తన్నారు. మన గుంట ఇంకా సరళీస్వరాల దగ్గరే అపస్వరాలు పలికిస్తంది. ఏటి లాభం?" అంటాడు. వయొలిన్ మానిపించి కీబోర్డు క్లాసులో వేసేద్దామని దాదాపు నిర్ణయం అయిపోయింది. అక్క నాకేసి తిరిగి, "నువ్వు ఆ పెద్ద వయొలిన్ వాయిస్తావు కదరా, నువ్వైనా చెప్పు మీ బావకి" అంది. పండగ హడావిడిలో పది నిమిషాల్లో తేలే విషయం కాదిది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. బావ నా బ్లాగు చదువుతాడు, అదొక్కటే ధైర్యం.

"పెద్ద వయొలిన్" అంటే చెల్లో. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య ఆనించి, అడ్డంగా కమాను లాగి వాయిస్తారే, అది. సినిమా పాటల్లో విషాదం వచ్చినప్పుడల్లా కింద గంభీరంగా మూలుగుతూ ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు కొనుక్కున్నాను. పగలంతా కోడు, రాత్రి ఇది. పక్క ఫ్లాటువాళ్ళ సహనానికి ఈ సందర్భంగా కృతజ్ఞతలు.

చెల్లోకి నాలుగు తీగలు. పాశ్చాత్య పద్ధతిలో కింద నుంచి సి, జి, డి, ఏ. ఒక్కో తీగకీ పక్కదానికీ మధ్య స-ప దూరం. డి తీగని షడ్జం అనుకుంటే ఏ తీగ పంచమం, జి తీగ కింది మధ్యమం, సి తీగ దానికీ కింద కైశికి నిషాదం. పైనున్న కట్ట నుంచి గుర్రం దాకా తీగ పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. వయొలిన్‌కి 32.5 ఉంటుంది. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. అసలు తంటా అంతా ఈ పొడవుతోనే. వయొలిన్ మీద ఖాళీ తీగ నుంచి మొదటి అర్ధస్వరం (స నుంచి శుద్ధ రిషభం) 1.8 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెల్లో మీద అది దాదాపు 3.9 సెంటీమీటర్లు. వయొలిన్‌లో ఒక వేలిని కాస్త వెనక్కో ముందుకో జరిపితే కోమలం తీవ్రం అవుతుంది, తీవ్రం కోమలం అవుతుంది. చెల్లోలో అలా కుదరదు. ఒక్కో అర్ధస్వరానికీ ఒక్కో వేలు కేటాయించాల్సిందే. జాన్ లూయీ డ్యుపోర్ అనే ఫ్రెంచి విద్వాంసుడు 19వ శతాబ్దం మొదట్లో చెల్లో వేళ్ళ పద్ధతి మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. వయొలిన్ వాళ్ళని చూసి వాతలు పెట్టుకోకుండా అర్ధస్వరానికో వేలు అన్న పద్ధతిని స్థిరపరిచింది ఆయనే. ఇప్పటికీ అదే నడుస్తోంది.

దీన్ని మన స్వరాల్లో చెప్పుకుంటే చాలా ముచ్చటగా ఉంటుంది. పాశ్చాత్య పుస్తకాల్లో ఇంత సుళువుగా చెప్పరు. డి తీగ మీద చెయ్యి మామూలుగా పెడితే: చూపుడువేలు (వాళ్ళ లెక్కలో 1) చతుశ్శ్రుతి రిషభం, మధ్యవేలు (2) సాధారణ గాంధారం, ఉంగరంవేలు (3) అంతర గాంధారం, చిటికెనవేలు (4) శుద్ధ మధ్యమం. మరి శుద్ధ రిషభం? మిగతా మూడు వేళ్ళూ కదలకుండా చూపుడువేలొక్కదాన్నీ వెనక్కి చాపాలి. ప్రతిమధ్యమం? చూపుడువేలిని అలాగే ఉంచి మిగతావాటిని ముందుకి చాపాలి, అప్పుడు చిటికెనవేలు దాన్ని అందుకుంటుంది, అంతర గాంధారం బాధ్యత మధ్యవేలు తీసుకుంటుంది. అంతే. పూర్వాంగం మొత్తం ఒక అరచేతిలో. పక్కనున్న ఏ తీగ మీద ఇదే నమూనా ప-ద-ని-స అవుతుంది.

కాబట్టి శంకరాభరణం అంటే 0 1 3 4, మళ్ళీ 0 1 3 4. ఖరహరప్రియ 0 1 2 4, 0 1 2 4. హరికాంభోజి 0 1 3 4, 0 1 2 4. తోడి అయితే రెండు తీగల మీదా 1 వెనక్కి చాపి, 2, 4. రాత్రి ఒంటిగంటకి ఇది తట్టినప్పుడు నా ఆనందం చూడాలి. 72 మేళకర్తలు అంటే ఆరు పూర్వాంగాలు, ఆరు ఉత్తరాంగాలు, రెండు మధ్యమాలు. ఆరారులు ముప్ఫయ్యారు, ఇంటూ రెండు. ఏడెనిమిది చేతి నమూనాలు వస్తే మేళకర్తల చక్రం మొత్తం చేతిలో ఉన్నట్టే. (ఉన్నట్టే అంటున్నాను. వాయించగలగడం వేరే సంగతి.)

ఇంతవరకూ చదివినవాళ్ళకి సందేహం రావాలి. మరింత చక్కగా ఇంటీజర్ లెక్కల్లో ఇమిడిపోతే, ఆ 1, 2, 3, 4 దగ్గర స్టిక్కర్లు అంటించుకుంటే తప్పేంటి?

తప్పేంటంటే, ఆ చోట్లు ఇంటీజర్లు కావు.

ఎవరి దగ్గరైనా చెల్లో ఉంటే ఈ ప్రయోగం చేసి చూడండి. డి తీగ మీద చూపుడువేలుతో చతుశ్శ్రుతి రిషభం (వాళ్ళ 'ఇ') పట్టుకోండి. దాన్నీ, పక్కనే పైనున్న ఖాళీ ఏ తీగనీ కలిపి ఒకేసారి కమానుతో లాగండి. రెండూ సరిగ్గా కలవకపోతే శబ్దం అలలు అలలుగా ఊగుతుంది. వేలు సర్దుకుంటూ పోతే ఒకచోట ఊగడం ఆగిపోయి, రెండూ ఒకే గొంతులా నిలబడతాయి. బాగుంది కదా. ఇప్పుడు వేలు వెంట్రుకవాసి కూడా కదపకుండా, ఈసారి కిందనున్న ఖాళీ జి తీగతో కలిపి లాగండి. గరగరలాడుతుంది! ఒక్క క్షణం కిందట పరమ శుద్ధంగా ఉన్న స్వరమే. అది కలవాలంటే వేలిని మళ్ళీ కట్ట వైపు జరపాలి. ఎంత? తీగ పొడవులో 90వ వంతు. చెల్లో మీద అది ఏడున్నర మిల్లీమీటర్ల పైమాటే. అంటే వేలి కొసలో సగం. మొదటిచోట ఆ రిషభం షడ్జానికి 9/8 రెట్లు, రెండోచోట 10/9 రెట్లు. మన లక్షణకారులు మొదటిదాన్ని చతుశ్శ్రుతి రిషభం, రెండోదాన్ని త్రిశ్రుతి రిషభం అని పేర్లు పెట్టి మరీ వేరు చేశారు. 22 శ్రుతుల లెక్క అంటూ మనం పరీక్షలకి బట్టీపట్టి వదిలేసేది ఇదే. చెల్లో మీద దీన్ని స్కేలు పెట్టి కొలవొచ్చు.

ఇప్పుడు మీరే చెప్పండి, ఎర్ర స్టిక్కరు ఎక్కడ అంటిస్తారు?

కొందరు ట్యూనర్ యాప్ పెట్టుకుని, సూది మధ్యకొచ్చినచోట అంటిస్తారు. ఆ యాప్ చూపించేది పియానో లెక్క. స్థాయిని 12 సమాన భాగాలు చేసి చెప్పేది. అందులో అంతర గాంధారం, తంబూరాలోంచి సహజంగా పలికే గాంధారం కంటే కాస్త ఎత్తులో ఉంటుంది. చెల్లో మీద ఆ తేడా సుమారు 4 మిల్లీమీటర్లు, వయొలిన్ మీద 2. తంబూరా పక్కన కూర్చుని సూది చెప్పినచోట గాంధారం వాయించే పిల్లకి చెవి "కాదు" అంటుంది, కన్ను "అవును" అంటుంది. రోజూ ఇలా జరిగితే పిల్ల ఎవరి మాట వింటుంది? కంటి మాటే. ఎందుకంటే కన్ను చెప్పిందానికి అమ్మానాన్నల మద్దతు ఉంది.

షార్పులు, ఫ్లాట్ల దగ్గర ఈ గొడవ ఇంకా ముదురుతుంది. ఆమాటకొస్తే కొత్తగా చెల్లో పట్టుకున్నవాళ్ళు ఎక్కువగా బెదిరేది వాటికే. దానికి కారణం ఉంది. ఖాళీ తీగలున్న స్వరాలకి (సి, జి, డి, ఏ) వాయిద్యమే సాక్ష్యం చెబుతుంది. డి తీగ మీద చిటికెనవేలుతో జి పట్టుకుంటే, సరిగ్గా పడిన క్షణాన కిందనున్న ఖాళీ జి తీగ ఎవరూ ముట్టకుండానే కంపిస్తుంది. చెక్క మొత్తం మోగుతుంది. పొట్టకి ఆనించుకుని ఉంటాం కాబట్టి ఒంటికి తెలుస్తుంది. ఎఫ్ షార్పుకి, ఇ ఫ్లాటుకి, బి ఫ్లాటుకి అలాంటి చుట్టం తీగ లేదు. అవి అనాథలు. వాటిని పొరుగువాళ్ళ ద్వారా వెతుక్కోవాలి.

వెతుక్కోవడానికి నేను పాటించే పద్ధతి చెబుతాను. డి తీగ మీద ఎఫ్ షార్పు కావాలంటే ముందు జి పట్టుకుని, అది మోగేదాకా సర్దుకుని, అప్పుడు ఉంగరంవేలు దానికి దగ్గరగా దించుతాను. ఇ ఫ్లాటు కావాలంటే చూపుడువేలు వెనక్కి చాపి, ఖాళీ జి తీగతో కలిపి లాగి వింటాను. జి తీగ మీద మధ్యవేలు బి ఫ్లాటుకి ఖాళీ డి తీగ సాక్షి. సి తీగ మీద ఇ ఫ్లాటుకి ఖాళీ జి. ఇలా ప్రతి అనాథకీ ఎవరో ఒక పెద్దమనిషి దొరుకుతారు. చాపడంలో ఇంకో చిట్కా: వేలొక్కదాన్నీ లాగితే నొప్పి, అపస్వరం రెండూ వస్తాయి. మోచెయ్యి, బొటనవేలు కూడా కాస్త సర్దుకోవాలి. శుద్ధ రిషభం నుంచి శుద్ధ మధ్యమం దాకా ఒకేసారి పట్టుకోవాలంటే చూపుడువేలికీ చిటికెనవేలికీ మధ్య 13 సెంటీమీటర్ల పైన ఉండాలి. మామూలు పట్టులో అది 10 లోపే.

అందుకే, ఇది కొంతమంది పెద్దలకి నచ్చకపోవచ్చు గానీ, చెల్లో మీద కర్ణాటక సంగీతం మొదలుపెట్టేవాళ్ళకి మాయామాళవగౌళ మొదటి పాఠంగా పెట్టకూడదని నా అభిప్రాయం. పురందరదాసు గారి సంప్రదాయం గొంతుకి దివ్యంగా సరిపోతుంది. వయొలిన్‌కీ సరిపోతుంది. చెల్లో పిల్లాడికి మాత్రం మొదటి రోజే చెయ్యి చీరుకుపోతుంది. శంకరాభరణంతోనో ఖరహరప్రియతోనో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక మాయామాళవగౌళకి రావాలి. పాశ్చాత్యులు డి మేజర్ ముందు నేర్పేది కూడా 0 1 3 4 సుళువు కాబట్టే.

షార్పు, ఫ్లాటు ఒకటేనా కాదా అన్నదానిమీద తెల్లవాళ్ళలోనూ ఏకాభిప్రాయం లేదు. కీబోర్డు మీద సి షార్పు, డి ఫ్లాటు ఒకటే నల్లమెట్టు. మన వీణ మీద చతుశ్శ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టయినట్టు. 12 చోట్లకి మనం 16 పేర్లు పెట్టుకున్నాం కదా, ఒకే అడ్రసుకి రెండు పాయింటర్లన్నమాట. అయితే లియోపోల్డ్ మొజార్ట్ (ఆ మొజార్ట్ గారి నాన్న) 1756లో, అంటే కొడుకు పుట్టిన ఏడాదే, అచ్చేసిన వయొలిన్ పుస్తకంలో, కీబోర్డులో ఒకటైనా నిజానికి ఫ్లాటు స్వరం షార్పు కంటే ఒక కామా ఎత్తులో ఉంటుందని రాశాడు. 20వ శతాబ్దంలో చెల్లోకి దేవుడంతటివాడు పాబ్లో కసాల్స్ (1876-1973) దానికి పూర్తిగా ఎదురు చెప్పాడు. షార్పు పై స్వరం వైపు లాగుతుంది కాబట్టి ఇంకా ఎత్తుగా, ఫ్లాటు కింది స్వరం వైపు వాలుతుంది కాబట్టి ఇంకా కిందకి వాయించాలన్నాడు. ఇద్దరిలో ఎవరు రైటు? ఇద్దరూ. తీగలు కలిపి వాయిస్తున్నప్పుడు తండ్రి మొజార్ట్ రైటు, ఒంటరిగా పాట నడుస్తున్నప్పుడు కసాల్స్ రైటు. ఎఫ్ షార్పు డి-షడ్జానికి అంతర గాంధారం అయినప్పుడు ఒకచోట, జి-షడ్జానికి కాకలి నిషాదం అయి షడ్జం మీదకి దూకబోతున్నప్పుడు ఇంకోచోట. వేలు అదే, తీగ అదే. చోటు వేరు. స్వరం చోటు దాని పక్కన ఎవరున్నారన్నదాన్నిబట్టి మారుతుంటే, దానికి స్థిరమైన చిరునామా రాసి అంటించడం ఏమిటి?

ఇదంతా పాశ్చాత్యుల గొడవ, మనకెందుకు అంటారా? అసలు ఈ మాట అనడానికి లోకంలో ఏ ఊరికైనా హక్కు ఉందేమో గానీ విజయనగరానికి లేదు.

1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు అక్కడ సంగీత కళాశాల పెట్టారు. అది ఎందుకు పుట్టిందంటే, సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం, ఆ కుర్రాడి కోసం మొదలైందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ ఆచార్యుడిగా చేరింది ద్వారం వెంకటస్వామి నాయుడు. అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు. విద్యార్థిగా చేరదామని వస్తే, వాయించింది విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారని చెప్తారు. నాయుడుగారికి చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. ఆ కారణంగానే బడి చదువు సాగలేదు, అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. 1936లో దాసుగారి తర్వాత ఆయనే ప్రిన్సిపాలయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. 1964లో పోయారు. వయొలిన్ అంటే పాటకుడి వెనక కూర్చునేదన్న రోజుల్లో దాన్ని ఒంటరిగా వేదిక ముందుకి తెచ్చి, జనం దానికోసమే వచ్చేలా చేసినవాళ్ళలో ఆయనదే మొదటి వరస. పాత రికార్డింగులు వినండి. ఆ నాదం ఎక్కడా తడబడదు.

చూపులేని కుర్రాడి కోసం పెట్టిన కళాశాల. చూపు మందగించిన మహానుభావుడు నడిపిన కళాశాల. వందేళ్ళు దాటి, ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా ఇప్పటికీ నడుస్తోంది. ఘంటసాల, సుశీల చదువుకున్న చోటు. ఆ ఊళ్ళో, ఆ వీధుల్లో, మనం కళ్ళున్న పిల్లలకి రంగుల స్టిక్కర్లు అంటించి గాంధారం చూపిస్తామంటున్నాం. ఇంతకంటే నేను చెప్పను. చెబితే బావ నొచ్చుకుంటాడు.

బావ అన్న ఇంకో మాట మాత్రం కొట్టిపారేసేది కాదు. "వీణకి మెట్లు ఉంటాయి కదా? అదీ మన బొబ్బిలి పక్కనే చేస్తారు కదా? మరి అది తప్పని ఎవరూ అనరే?" అన్నాడు. మంచి ప్రశ్న. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి, దండీ కుండా ఒకే చెక్కలో వచ్చేలా చేసే ఏకాండి వీణలకి 24 మెట్లుంటాయి, స్థాయికి పన్నెండేసి. అయితే ఆ మెట్లు స్కేలు పెట్టి కొట్టిన మేకులు కావు. మైనం మీద నిలబెట్టినవి. తీగ మీటుతూ, వింటూ, ఒక్కో మెట్టునీ సర్దుతారు. దాన్ని మేళం కట్టడం అంటారు. ఎండకి, ఏళ్ళకి మైనం సడలితే మళ్ళీ కట్టించుకోవాలి. అంటే వీణ మీద ప్రతి మెట్టూ ఒక మనిషి చెవి తీర్పు. ఇంటర్నెట్టులో వంద రూపాయలకి దొరికే స్టిక్కర్ పట్టీ ఎవరి చెవి తీర్పు?

పైగా మెట్టున్నంత మాత్రాన వైణికుడి పని అయిపోదు. తోడి గాంధారాన్ని సాధారణ గాంధారం మెట్టు మీద ఊరికే నొక్కి వదిలితే అది తోడి కాదు, తోడి రాసిన చీటీ. తీగ లాగాలి, ఊపాలి, రిషభం నుంచి మధ్యమం దాకా ఆ స్వరం ఊయల ఊగాలి. ఆ ఊపులో దాని స్థానం ఎక్కడ? ఏ ఒక్క చోటా కాదు. వీణ వాళ్ళకి మెట్టు ఇంటి గుమ్మం లాంటిది. అక్కణ్ణుంచి బయల్దేరతారు. గమకం చెల్లో మీద పలకదేమో అన్న అనుమానం ఉంటే చెన్నైలో కర్ణాటక సంగీతం వాయించే వి.ఆర్.శేఖర్ గారిని వినండి. హిందూస్తానీ వైపు సాస్కియా రావ్ గారు నేల మీద కూర్చుని వాయించేలా కాస్త చిన్న చెల్లో చేయించుకుని, అయిదో తీగ, వాటి కింద మోగే తరబ్ తీగలు కూడా పెట్టించుకున్నారు. వాళ్ళు అనాథ స్వరాలకి చుట్టాల్ని ఏకంగా వాయిద్యంలోనే కట్టేశారన్నమాట!

కీబోర్డు మీద నాకేం కోపం లేదు. నా దగ్గరా ఒకటుంది. స్వరాల మధ్య సంబంధాలు కంటికి కనపడేలా అర్థం చేసుకోవడానికి అంతకు మించింది లేదు. కానీ వయొలిన్‌లో అపస్వరం వస్తోందని కీబోర్డుకి మార్చడం అంటే, పిల్ల లెక్కలు తప్పు చేస్తోందని కాల్‌క్యులేటర్ కొనివ్వడమే. అపస్వరం రాదు. అపస్వరం తెలియడం కూడా రాదు. మా మేనకోడలి విషయంలో నేను గమనించింది ఒకటుంది. అపస్వరం పడినప్పుడల్లా ఆ గుంట మొహం చిట్లిస్తుంది. అంటే ఏడాదిలో చెవి వచ్చేసింది. వేలింకా రాలేదు, అంతే. బావకి వినపడింది అపస్వరమే, ఆ చిట్లింపు కాదు. చెవి ముందు రావడం, వేలు వెనకాల రావడం, ఇదే సరైన వరస. స్టిక్కర్లతో నేర్చుకున్నవాళ్ళకి వరస తిరగబడుతుంది. వేలు త్వరగా వస్తుంది, చెవి వస్తుందో రాదో దైవాధీనం.

అవతలివైపు న్యాయం కూడా లేకపోలేదు. సుజుకీ పద్ధతి మేష్టార్లు చాలామంది మొదట్లో పట్టీలు అంటిస్తారు. వాళ్ళేమీ తెలివితక్కువవాళ్ళు కాదు. నాలుగైదేళ్ళ పిల్లలకి ఏ ఆధారమూ లేకుండా వదిలేస్తే చెయ్యి అసలు ఆకారమే తీసుకోదు. ఉత్సాహం చచ్చిపోతే చెవి ఉండీ ఉపయోగం లేదు. నెలనెలా ఫీజు కట్టే తండ్రికి ఏదో ఒకటి వినపడాలన్నదీ న్యాయమే. అందుకని నేను ఒక్క గీతకి ఒప్పుకుంటాను. స్టిక్కరు కాదు, పెన్సిల్ గీత. అది కూడా తీగ పొడవులో సరిగ్గా నాలుగో వంతు దగ్గర. చెల్లో మీద కట్ట నుంచి 17 సెంటీమీటర్ల పైచిలుకు, పూర్తి సైజు వయొలిన్ మీద సుమారు 8. ఆ ఒక్కచోటు ఎందుకంటే, అక్కడ వాయిద్యమే సాక్ష్యం చెబుతుంది. వయొలిన్‌ని మన పద్ధతిలో స-ప-స-ప శ్రుతి చేస్తే, మంద్ర పంచమం తీగ మీద మూడో వేలు అక్కడ పడితే పక్కనున్న ఖాళీ షడ్జమే పలుకుతుంది. తేడా ఉంటే పసిపిల్లకైనా తెలిసిపోతుంది. గీత తప్పయినా చెవి దిద్దుకోగలిగే చోటు అది. రిషభ గాంధారాల దగ్గర గీతలు గీస్తే మాత్రం ఒప్పుకోను.

దానితోపాటు రోజూ సాధన మొదట్లో పావుగంట, తంబూరా పెట్టుకుని, దీర్ఘంగా కమాను లాగుతూ ఒకే ఒక్క స్వరం. ఫోన్లో తంబూరా యాప్ అయినా ఫరవాలేదు, స్పీకరు కాస్త మంచిదై ఉండాలి. మంచి తంబూరాలో స-ప మాత్రమే మీటుతున్నా, షడ్జం తీగలోంచి అంతర గాంధారం దానంతటదే పైకి తేలుతుంది. దాన్ని స్వయంభువు గాంధారం అంటారు. పిల్ల వేలు వెళ్ళి ఆ గాంధారాన్ని కలుసుకోవాలి. కలిసిన రోజు ఆ పిల్లకే తెలుస్తుంది, మనం చప్పట్లు కొట్టక్కర్లేదు. శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం అలా తేలవు కాబట్టి వాటికి ఇంకో ఆరు నెలలు పడుతుంది. పట్టనివ్వాలి.

చెల్లో వాళ్ళు యాప్‌లో శ్రుతి డి కి పెట్టుకోండి, ఫోను స్పీకర్లో వినపడదని సి కి మాత్రం పెట్టకండి. సి కి పెడితే షడ్జం మీ అడుగు తీగ మీద పడి, పంచమం జి తీగకి పోతుంది. మొదటి ఏడాది అంత లావు తీగల మీద చెయ్యి చాపడం అనవసరపు శ్రమ. కల్యాణి ప్రతిమధ్యమం కోసం ముందుకి చాపేటప్పుడు బొటనవేలు ఏం చెయ్యాలన్నది పెద్ద కథ. అది ఇంకో టపాలో.